కదిలించకూడని రోజులు, కదిలించాల్సిన రోజులు

కాలిన చేతికి చర్మం అతికించాక ఎప్పటి నుంచి కదిలించమన్నారని ఈమధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. మా ఆఫీసులో ఒకమ్మాయి వాళ్ల పెదనాన్న కోసం అడిగింది. పక్క ఫ్లాట్ ఆవిడ తమ్ముడి కోసం అడిగింది. డాక్టరు నాకు చెప్పింది రెండు మాటల్లో చెప్పేయొచ్చు. ఆ రెండు మాటలూ నేను తప్పాను. కదిలించకూడనప్పుడు కదిలించాను. కదిలించాల్సినప్పుడు కదిలించలేదు. మొదటి తప్పుకు నింద నా మీద పడలేదు, ఇంకో మనిషి మోసింది. అందుకే, అడిగినవాళ్లకు రెండు ముక్కలు చెప్పి ఊరుకోవడానికి మనసొప్పక, మొత్తం రాస్తున్నాను.

ఆషాఢం

నా పేరు మాధవి. మాది బాపట్ల వైపు. అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో అడ్మిషన్లు చూస్తాను. రవీందర్ అదే బిల్డింగులో పై అంతస్తు ఆఫీసులో పనిచేసేవాడు. లిఫ్టులో మొదలైన పరిచయం పెళ్లిదాకా వచ్చింది. వాళ్లది మెదక్ దగ్గర పల్లె. పొలం పనులు వదిలి ఎప్పుడో వచ్చి బల్కంపేటలో స్థిరపడ్డారు. మామయ్య ఇప్పుడు లేరు. అత్తయ్య సత్తెమ్మగారు ఆడపడుచు స్వరూప కుటుంబంతో అక్కడే ఉంటారు. మేము పంజాగుట్టలో ఒక సందులో అద్దెకుంటాం. రెండిళ్లకీ మధ్య ఆటోలో పెద్ద దూరం లేదు. రాకపోకలు మాత్రం పండగలకే.

మా పెళ్లికి అత్తయ్య రాలేదు. మా పాప లాస్య పుట్టాక మాటలు మొదలయ్యాయి. అవి కూడా మర్యాద మాటలే. "బాగున్నవా బిడ్డ" అని ఆమె అడిగితే "బాగున్నానండీ" అని నేను. అంతకు మించి మా ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి ఏమీ తెలియదు.

ఆ ఆదివారం బల్కంపేటలో బోనాలు. గుడికి వెళ్లొచ్చాక అందరూ మా ఇంట్లోనే భోంచేయాలని నేనే పట్టుబట్టాను. గారెలు వేస్తున్నాను. అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. స్టవ్ మీద మూకుడు ఎలా ఒరిగిందో ఇప్పటికీ నాకు సరిగ్గా గుర్తులేదు. గరిటె తగిలిందో, మూకుడు కింది కడ్డీ జరిగిందో. నూనె నా కుడిచేతి మీద మోచేయి పైదాకా పడింది. నొప్పి కంటే ముందు వాసన తెలిసింది. ఆ వాసన గురించి ఇంతకంటే రాయలేను.

కేక విని పక్కింటావిడ టూత్‌పేస్ట్ పట్టుకొచ్చింది. అత్తయ్య ఆమెను అడ్డుకుని, నా చేతిని కుళాయి కింద పెట్టి, నేను ఎంత గింజుకున్నా వదల్లేదు. రవి ఆటో తెచ్చేదాకా అలాగే పట్టుకుంది. అది మంచి పనేనని తర్వాత హాస్పిటల్లో అన్నారు. నేను ఆ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పాలని కూడా అప్పుడు తట్టలేదు.

మొదటి ఆపరేషన్

సోమాజిగూడలో ఒక హాస్పిటల్లో చేరాను. కొంతభాగం దానంతటదే మానుతుందని చూశారు. మోచేయి చుట్టూ, కింద ముంజేయి మీద లోతుగా కాలిందని, అక్కడ తొడ మీంచి పల్చటి చర్మం తీసి అతికించాలని చెప్పారు. ఎవరూ ముందు చెప్పని విషయం ఒకటుంది. చర్మం అతికించిన చోటు కంటే తీసిన చోటు ఎక్కువ మండుతుంది. చెయ్యి గురించి భయపడుతూ వెళ్లినదాన్ని, కళ్లు తెరిచాక తొడ పట్టుకుని ఏడ్చాను.

చెయ్యి వంగకుండా వెనకవైపు సగం పిండికట్టు పెట్టి, పైన సాగే పట్టీ చుట్టి, దిండ్ల మీద ఎత్తుగా ఉంచారు. డాక్టరు నడివయసు మనిషి. నెమ్మదిగా మాట్లాడేవారు.

"వేళ్లు ఇవాళ్టి నుంచే ఆడించండమ్మా. మోచేయి మాత్రం కట్టు విప్పి నేను చూసి చెప్పేదాకా వంచొద్దు. అంటించిన చర్మం కిందనుంచి రక్తం అందుకోవాలి. మొదటి వారం అది చాలా నాజూగ్గా ఉంటుంది. జరిగిందంటే పట్టు తప్పుతుంది."

"తర్వాత?" అన్నాను.

"తర్వాత అంతా తిరగబడుతుంది. పట్టాక కదిలించకపోతేనే ముప్పు. మచ్చ బిగుసుకుపోతుంది. అప్పుడు వంచమని నేనే వెంటపడతాను."

ఇందాక చెప్పిన రెండు మాటలు ఇవే.

లాస్యను స్వరూప తన దగ్గరికి తీసుకెళ్లింది. రవికి ఆఫీసు తప్పదు, పైగా ఆడవాళ్ల వార్డులో మగవాళ్లను ఎక్కువసేపు ఉండనివ్వరు. మా అమ్మ పోయి చాలా ఏళ్లయింది. కాబట్టి నా దగ్గర ఉండటానికి వచ్చింది అత్తయ్యే.

పదేళ్లు దాటిన బంధంలో ఒక్కసారి కూడా నా తల దువ్వని మనిషి నాకు ఒళ్లు తుడిచింది, బట్టలు మార్చింది, బాత్రూంకు నడిపించింది. నేను సిగ్గుపడుతున్నానని గ్రహించి మొహం పక్కకు తిప్పుకునేది. ఆ మర్యాద నాకు ఇంకా కష్టంగా ఉండేది. నొప్పిగా ఉన్నప్పుడు పళ్లు బిగబట్టి "ఏం లేదండీ" అనేదాన్ని. ఆమె కూడా అంతకు మించి అడిగేది కాదు. అన్నం ముద్దలు చేసి నోటికి అందిస్తుంటే నేను గోడకేసి చూస్తూ తినేదాన్ని. ఎవరికీ ఏమీ చేసిపెట్టకుండా అందరి చేతా చేయించుకుంటున్నానని లోపల ఒకటే సలుపు.

కట్టు విప్పడానికి ముందురోజు మధ్యాహ్నం అత్తయ్య కుర్చీలో కునుకు తీస్తోంది. అప్పటికి వరసగా రెండు రాత్రులు ఆమెకు నిద్రలేదు, నేను మూలిగినప్పుడల్లా లేచేది. నాకు బాత్రూంకు వెళ్లాలి. పిలిస్తే చాలు. పిలవబుద్ధి కాలేదు. ఆమె మీద జాలి అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. జాలి కొంతే. పొద్దుటి నుంచి రెండుసార్లు పిలిచాను, మూడోసారి ఆమె మొహం చూడలేననిపించింది.

అంతకుముందే ఇంకో పని చేశాను. పిండికట్టు అంచు చంక దగ్గర ఒరుసుకుంటోందని ఎడమచేత్తో పట్టీ కొంచెం వదులు చేసుకున్నాను. లేచి నిలబడగానే కోసిన తొడ ముడుచుకుపోయింది. కాలు మడత పడింది. పడిపోకుండా మంచం కడ్డీ పట్టుకున్నాను, కుడిచేత్తో. ఒంటి బరువంతా దాని మీద పడింది. వదులైన కట్టు జారి మోచేయి పూర్తిగా వంగింది. లోపల ఏదో జారినట్టు, వెచ్చగా అయినట్టు తెలిసింది.

మంచం చప్పుడుకు అత్తయ్య లేచింది.

"ఏమైంది బిడ్డ? ఎందుకు లేచినవ్?"

"ఏం లేదండీ. బాత్రూంకి."

"నన్ను లేపొద్దా?"

"ఇప్పుడే లేపుదామనుకున్నాను."

ఆమె నన్ను నడిపించుకెళ్లింది. తిరిగొచ్చి పడుకున్నాక పట్టీ చివర పళ్లతో పట్టుకుని మళ్లీ బిగించుకున్నాను. నర్సు వచ్చినప్పుడు చెప్పలేదు. సాయంత్రం రవి వచ్చినప్పుడు చెప్పలేదు. ఏమీ అయి ఉండదులే అనుకున్నాను.

కట్టు విప్పిన పొద్దున రవి, అత్తయ్య ఇద్దరూ అక్కడే ఉన్నారు. ముంజేయి మీద చర్మం గులాబీ రంగులో అతుక్కుని ఉంది. మోచేయి దగ్గర మాత్రం పాలిపోయి, తడితడిగా, ముడతలుపడి ఉంది. డాక్టరు వంగి అక్కడ వేలితో మెల్లగా నొక్కి చూశారు.

"చాలావరకు పట్టిందమ్మా. ఇక్కడ పోయింది. మళ్లీ వెయ్యాలి." తర్వాత నా మొహంలోకి చూశారు. "మధ్యలో ఎప్పుడైనా చెయ్యి వంగిందా? ఆనుకున్నారా దాని మీద?"

"లేదండీ," అన్నాను.

ఆలోచించి చెప్పిన అబద్ధం కాదు. కానీ నోట్లోంచి వచ్చేసిన మాటను వెనక్కి తీసుకునే వ్యవధి నాకు ఉంది. డాక్టరు అక్కడే ఉన్నారు, ఇంకా నన్నే చూస్తున్నారు. ఆ వ్యవధిలో మాట్లాడింది అత్తయ్య.

"సారూ, నిన్న పొద్దుగాల దిండు నేనే మార్చిన. చెయ్యి జర లేపి పెట్టిన. గట్ల లేపొద్దుండెనేమో."

"దానివల్ల కాకపోవచ్చమ్మా. ఒక్కోసారి కారణం తెలియకుండానే పట్టదు," అన్నారాయన.

రవి చెవిలో ఆ మాట పడలేదు. దిండు మాటే పడింది. తల్లిని బయటికి తీసుకెళ్లాడు. తలుపు సగం తెరిచే ఉంది. అతను గొంతు తగ్గించాలని చూశాడు గానీ చేతకాలేదు.

"చెయ్యి ముట్టొద్దని చెప్పిన్రు కదమ్మా. ఎందుకు ముట్టినవ్? తెల్వకపోతే సిస్టర్‌ను పిలవాలె. మళ్ల ఆపరేషన్ చేస్తరట. మళ్ల తొడ కోస్తరు. ఎంత ఏడ్చిందో చూసినవ్ కద."

"తప్పైంది నాయనా."

"తప్పైంది అంటే ఐపోతదా?"

కారిడార్లో కూర్చున్నవాళ్లంతా వింటున్నారు. నర్సు నా చేతికి తాత్కాలికంగా గుడ్డ చుడుతోంది. రవీ, మీ అమ్మ కాదు అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. వెయ్యలేదు.

అత్తయ్య లోపలికొచ్చి తన టిఫిన్ డబ్బా, సంచీ తీసుకుంది. "స్వరూపను పంపుత. పైలం బిడ్డ," అంది. నా కళ్లలోకి చూడలేదు. ఆమె వెళ్లిపోయాక నాకు ముందు కలిగింది ఏమిటో రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు. హమ్మయ్య అనిపించింది. ఇక ఆమె ఎదురుగా ఉండదు, ఆమెను చూస్తూ మౌనంగా ఉండాల్సిన పని లేదు అనిపించింది. బాధ తర్వాత వచ్చింది.

శ్రావణం

రెండోసారి ఎడమ తొడ మీంచి తీశారు. ఈసారి నేను రాయిలా పడుకున్నాను. ఆడించమన్న వేళ్లు కూడా ఆడించలేదు. ఈసారి విడి గది తీసుకోవడంతో స్వరూప ఒక పూట, రవి సెలవు పెట్టి ఒక పూట ఉండేవారు. అత్తయ్య రాలేదు. ఫోన్లో స్వరూపను మాత్రం అడిగేదట, తిన్నదా, పండుకున్నదా అని. రవి తల్లితో మాట్లాడటం మానేశాడు. ఆ సంగతి నాకు తెలుసు. నేను ఉన్న గదిలోనే అతను ఆమె ఫోన్ ఎత్తకుండా జేబులో పెట్టుకోవడం చూశాను.

చెబుదామని నోటిదాకా వచ్చేది. ఆపరేషన్ అయ్యాక చెబుదాం, కట్టు విప్పాక చెబుదాం, ఇంటికెళ్లాక చెబుదాం. వాయిదా వేసేకొద్దీ చెప్పాల్సింది పెరిగింది. వంచానని చెప్పడం సులువు. వంచి, ఇన్నాళ్లు నీ చేత మీ అమ్మను మాటలనిపించానని ఎలా చెప్పాలి?

కట్టు విప్పితే ఈసారి అంతా చక్కగా పట్టింది. డాక్టరు మొహం వికసించింది. "ఇవాళ్టి నుంచి మొదలుపెట్టండి. మెల్లగా వంచడం, చాచడం. నొప్పి ఉంటుంది. ఉన్నా చెయ్యాలి. రోజూ, ఒకసారి కాదు, చాలాసార్లు." ఫిజియోథెరపీ చేసే అమ్మాయి వచ్చి నా చేతిని పట్టుకుని కొంచెం వంచి చూపించింది. చర్మం చిరుగుతున్నట్టు అనిపించి చెయ్యి లాక్కున్నాను.

ఇంటికొచ్చాను. చెయ్యి ఒడిలో పెట్టుకుని కూర్చునేదాన్ని. కొంచెం వంచగానే ఆ మధ్యాహ్నం, ఆ జారిన స్పర్శ గుర్తొచ్చేది. మళ్లీ పోతుందేమో, మళ్లీ ఇంకెవరి మీదకు నెడతానో అని ఆపేసేదాన్ని. భయం నిజమే. దాని వెనక ఇంకోటి ఉంది. ఈ చెయ్యి ఇలాగే ఉండిపోతే ఉండిపోనీ, నాకు తగిన శాస్తే కదా అనే మొండితనం. బాధపడటమే బాకీ తీర్చడం అనుకున్నాను. దానివల్ల సత్తెమ్మగారికి ఒరిగేదేమీ లేదని తట్టలేదు.

రవి నా చేత చేయించలేకపోయేవాడు. నేను "అబ్బా" అనగానే వదిలేసి, "నొస్తుందా? రేపు చేద్దాంలే" అనేవాడు. లాస్య జడ నేను వెయ్యలేకపోతున్నానని తనే రబ్బరు బ్యాండ్ వేసుకుని స్కూలుకు వెళ్లేది. పక్కనుంచి చూస్తే వంకరగా ఉండేది. దాన్ని దగ్గరకు పిలిచి సరిచేసే చెయ్యి నాకు లేదు.

ఒకరోజు హాస్పిటల్లో బయట బెంచీ మీద మా వంతు కోసం కూర్చున్నాం. నా పక్కన ఒకామె, నల్గొండ వైపు నుంచి వచ్చిందట. ఆమె ఎడమచెయ్యి మోచేయి దగ్గర సగానికి వంగి అలాగే ఉంది. మచ్చ తాడులా లేచి ముంజేతిని పైచేతికి కట్టేసినట్టుంది. ఆ చేతిని గుండెకు ఆనించి దాని మధ్య బత్తాయి నొక్కిపట్టి రెండోచేత్తో తొక్క తీస్తోంది. తీసి, నేను అడక్కుండానే సగం నా ఒడిలో పెట్టింది.

"నీదెప్పుడు కాలింది చెల్లె?" అంది.

చెప్పాను.

"నాది కాలి మస్తు దినాలైంది. కదిలిస్తె మళ్ల పుండైతదని మా ఆయన కదలనియ్యలే. పానమోలె చూసుకున్నడు పాపం. గట్లనే బిగుసుకపోయింది. ఇప్పుడు కోసి ఇడదీస్తరంట." ఆమె మాటలో ఎవరి మీదా కోపం లేదు. "నువ్వు కదిలిస్తున్నవా మరి?"

"ఆఁ," అన్నాను. బత్తాయి తొన ఒకటి నోట్లో పెట్టుకున్నాను.

లోపల ఫిజియో అమ్మాయి నా మోచేతిని కొలిచింది. కిందటిసారి కంటే తక్కువ వంగింది.

"అక్కా, ఇంట్ల నిజంగ చేస్తున్నరా?"

నేను ఆమె కొలత రాసిన కాగితం వైపు చూశాను.

"నన్ను మోసం చేస్తే నాకేం కాదక్కా. మచ్చ గట్టిపడుతున్నది. ఇంకా లేటైతే నేను గుంజినా రాదు. మళ్ల సర్జరీనే."

చవితి ముందు

ఇంటికి ఆటోలో వస్తున్నాం. పంజాగుట్ట చౌరస్తాలో ఆగిపోయాం. వినాయక విగ్రహాల బండ్లు అడ్డంగా ఉన్నాయి. రవి నా చేతికేసి చూస్తూ, "అమ్మ ఆ రోజు చెయ్యి ముట్టకపోతే ఈపాటికి నువ్వు ఆఫీసుకు పోతుంటివి," అన్నాడు.

"మీ అమ్మ కాదు," అన్నాను.

హారన్ల మోతలో అతనికి వినిపించలేదు. "ఏంది?"

"మీ అమ్మ కాదు రవీ. నేనే వంచాను. ముందురోజు మధ్యాహ్నం. బాత్రూంకి లేచి, పడబోయి దాని మీద ఆనుకున్నాను. కట్టు కూడా నేనే వదులు చేశాను."

అతను నావైపు తిరగలేదు. ముందున్న బండి కదిలింది, మా ఆటో కదిలింది, మళ్లీ ఆగింది.

"డాక్టర్ అడిగిండు కద."

"అడిగారు."

"నేను బయట అమ్మను అంటుంటె నీకు వినవడలేదా?"

"వినపడింది."

రవి డ్రైవర్ భుజం మీద తట్టాడు. "అన్నా, బల్కంపేట పోనీ."

"ఇవాళ వద్దు రవీ. నేను రేపు..."

"ఇయ్యాలనే."

అత్తయ్య గుమ్మంలో కూర్చుని గోంగూర ఆకు తుంచుతోంది. నన్ను, నా చేతిని, వెనకాల కొడుకుని చూసింది. లేవబోయింది. నేను ఆమె ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాను. రవి "అమ్మా, తప్పైంది" అని మొదలుపెట్టబోతే ఆమె చెయ్యెత్తింది. "నువ్వాగు. ఆమె ఏదో చెప్పనీకి వచ్చింది."

చెప్పాను. దిండు కాదని, నేను లేచానని, పట్టుకున్నానని, పళ్లతో పట్టీ బిగించానని. డాక్టరుకు లేదన్నానని. తలుపు తెరిచే ఉందని, అన్నీ విన్నానని. ఏడుపు రాకుండా చెప్పాలనుకున్నాను, కుదర్లేదు.

ఆమె ఆకు తుంచడం ఆపలేదు. కాడలన్నీ ఒక పక్కకు పెట్టాక మాట్లాడింది.

"నేను దిండు మార్చినప్పుడు ఎట్ల పట్టుకున్ననో రోజు యాదిజేసుకున్న. గిట్ల పట్టుకుంటినా, గట్ల పట్టుకుంటినా అని. నా చెయ్యే ఖరాబైందనుకున్న. స్వరూప పిల్లలకు అన్నం పెట్టాలన్నా బుగులైంది."

"అత్తయ్యా..."

"నా కొడుకు అన్నడంటే అన్నడు. వాడు నీ మీది పానంతోని అన్నడు. నువ్వు ఇనుకుంట పండుకున్నవ్ చూడు." ఆమె గొంతు పెరగలేదు. "సరే, అది అట్లుంచు. ఒకటి చెప్పు. నేను పక్కపొంటే కూసున్న. ఒక్క పిలుపు పిలిస్తె లేవకపోదునా? చెయ్యి పోగొట్టుకున్నవ్ గని నన్ను పిలవలే. నన్ను పిలవనీకి నీకు గంత నామోషీ ఐందా?"

అంతవరకు నేను అబద్ధం గురించే క్షమించమని అడగడానికి సిద్ధపడ్డాను. ఆమెకు తగిలింది అది కాదు. ఆమె అడిగినదానికి నా దగ్గర ఉన్న జవాబు అవును అన్నదే.

"అయిందండీ," అన్నాను.

ఆమె తల ఊపింది. గోంగూర చాట ఎత్తుకుని లోపలికి వెళ్లింది. మళ్లీ బయటికి రాలేదు. స్వరూప టీ ఇచ్చింది. తాగి వచ్చేశాం.

చవితి దాటాక

పండగ రోజు ఆమె రాలేదు. రవి వెళ్తే తలుపు తీసి, ప్రసాదం పెట్టి, ముభావంగా ఉండి పంపిందట. ఇంట్లో అతను కూడా నాతో అవసరానికే మాట్లాడుతున్నాడు. నా మీద కోపం, తన మీద కోపం కలిసిపోయి ఉన్నాయి. అతనికే విడదీయడం రాలేదు. నేను వంచడం మొదలుపెట్టాను. ఒంటరిగా, తలుపేసుకుని. కాస్త వంగగానే నాకు నేనే సర్దిచెప్పుకుని ఆపేసేదాన్ని.

నిమజ్జనం బ్యాండు మోతలు సర్దుమణిగాక ఒక పొద్దున తలుపు కొట్టిన చప్పుడైంది. అత్తయ్య. చేతిలో సంచీ ఉంది.

"హాస్పిటల్ ఎన్నడు పోవాలె?" అంది.

"ఇవాళేనండీ."

"నేనొస్త."

అక్కడ ఫిజియో అమ్మాయి పక్కన నిలబడి, "నాకు చూపియ్యి బిడ్డ. ఎంత దాక వంచాలె, ఎక్కడ ఆగాలె," అని అడిగింది. ఆ అమ్మాయి ఆమె చేతుల్ని నా చేతి మీద పెట్టించి చూపించింది. కింద ఒక చెయ్యి ఎక్కడ ఉండాలో, పైన ఎంత నొక్కాలో. అత్తయ్య వేళ్లు మొదట వణికాయి. చెయ్యి పొరపాటు చేస్తుందేమో అన్న వణుకు అది. ఆ వణుకు ఆమెకు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు తెలుసు.

"భయపడకమ్మా, ఇప్పుడు పట్టేసింది. ఏం కాదు," అంది ఆ అమ్మాయి.

"ఏం కాదా? ఖాయమా?"

"ఖాయం."

ఆ తర్వాత రోజూ వచ్చింది. పొద్దున లాస్య స్కూలుకు వెళ్లాక, మళ్లీ సాయంత్రం. కొబ్బరినూనె గోరువెచ్చగా చేసి మచ్చ మీద వేలితో చిన్నచిన్న చుట్లు తిప్పుతూ రాసేది. తర్వాత వంచడం. రవిలా ఆమె నా "అబ్బా"కు ఆగేది కాదు. ఫిజియో చెప్పిన చోటిదాకా తీసుకెళ్లి, అక్కడ పట్టుకుని, తన లెక్క పూర్తయ్యాకే వదిలేది. నా మీద ఇంకా కోపం ఉన్న మనిషి కాబట్టి నా ఏడుపుకు లొంగలేదని నాకనిపించేది. ఆ కోపానికి నేను రుణపడి ఉన్నాను. చాచడం వంచడంకంటే కష్టం. నా చేతిని బల్ల మీద పెట్టి, అరచెయ్యి పైకి తిప్పి, తన అరచేత్తో ఒత్తుతూ ఊళ్లో వరినాట్ల సంగతులు చెప్పేది. అవి నాతో కాదు, గోడతో చెప్పినట్టు చెప్పేది. నేను వినేదాన్ని.

ఒకసారి మధ్యలో మూత్రానికి వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి నా చుడీదారు బొందు నేను సొంతంగా ముడి వేసుకోలేను. పొద్దున పూట రవితో వేయించుకునేదాన్ని. ఆ రోజు అతను లేడు. "అత్తయ్యా, కొంచెం రండి," అని పిలిచాను. ఆమె వచ్చి ముడి విప్పి, బయట నిలబడి, మళ్లీ వేసి వెళ్లింది.

బతుకమ్మకు మా సందులో ఆడవాళ్లంతా ఆడుతుంటే నేను చేతులు సరిగ్గా కలవకుండా చప్పట్లు కొట్టాను. కలవకపోయినా కొట్టాను.

ఇప్పుడు

నా మోచేయి ఇప్పుడు వంగుతుంది. నోటికి అన్నం అందుతుంది. జడ వేస్తాను. పూర్తిగా చాచినప్పుడు మాత్రం కొద్దిగా వంపు మిగిలే ఉంది. అది పోకపోవచ్చని డాక్టరు అన్నారు. పగలంతా బిగుతు తొడుగు వేసుకుంటున్నాను, ఇంకా చాలా నెలలు వెయ్యాలట. ఎండలో దురద. ఆఫీసు కౌంటర్లో పిల్లలు చెయ్యి చూసీ చూడనట్టు చూస్తారు.

అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇది. మీ డాక్టరు వద్దన్నన్ని రోజులూ వంచకండి. కట్టు ఒరుసుకుంటే నర్సును పిలవండి, మీరు వదులు చేసుకోకండి. పొరపాటున వంగితే ఆ నిమిషమే చెప్పండి. కదిలించమన్న రోజు వచ్చాక నొప్పిని చూసి ఆగకండి. మిమ్మల్ని ప్రేమించేవాళ్లు ఆగమంటారు, వాళ్ల మాట వినకండి. పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకున్నది పిలవడానికే, వాళ్లు కునుకు తీస్తున్నా సరే. పిలవండి.

రవి తల్లితో మామూలుగానే ఉంటున్నాడు. ఆమె కొడుకును క్షమించడానికి పెద్దగా టైం పట్టలేదు. నా సంగతి నాకు తెలియలేదు. మొన్న సాయంత్రం ఆమె నా చేతిని బల్ల మీద ఒత్తుతుండగా ధైర్యం చేసి అడిగాను.

"అత్తయ్యా, నా మీద మీకు కోపం పోయిందా?"

ఆమె నా మోచేతి మీంచి కళ్లెత్తలేదు. నన్ను సంతోషపెట్టడానికి ఏదో ఒకటి అనే మనిషి కాదు.

"అది వేరే, ఇది వేరే," అంది. "చెయ్యి చాపు."

చాపాను.